మనవారు: ఒక పాత పత్రికా ఖండముపై పరిశీలన

చరిత్ర అనగా రాజుల కథ అనియు, పరిశోధన అనగా విశ్వవిద్యాలయములలో పెద్దలు చేయు పని అనియు మన విద్యార్థులలో ఒక అభిప్రాయము నాటుకొని ఉన్నది. దానిని వాదించి తొలగించుట మా ఉద్దేశము కాదు. మా ఇంటిలో దొరికిన అరచేతి వెడల్పు కాగితపు ముక్కను పట్టుకొని ఏడాదిన్నర కాలము మేము ఏమి చేసినామో, ఎక్కడెక్కడ తప్పటడుగు వేసినామో ఈ సంచికలో చెప్పుకొనవలెనని తోచినది. తప్పులే విద్యార్థులకు ఎక్కువ ఉపయోగపడునని మా నమ్మకము. ఆ సామగ్రి మావద్ద సమృద్ధిగా ఉన్నది.

చిలకలూరిపేటలో మా పాత ఇంటి పైకప్పు బాగుచేయించునపుడు అటక మీది నుండి ఒక రేకుపెట్టె దిగినది. అందులో మా తాతగారి కళ్లజోడు, రెండు తాళపుచెవులు, ఎర్రగుడ్డ అట్టగల ఒక చిట్టాపుస్తకము ఉన్నవి. మా తాతగారు పేటలో ఒక పత్తి వర్తకుని కొట్టులో గుమాస్తాగా ఉండెడివారని మాకు చిన్నప్పటినుండి తెలుసును. పుస్తకములో మొదటి సగము పత్తి లెక్కలు. రెండవ సగములో మాత్రము లెక్కలు లేవు. పత్రికలనుండి కత్తిరించిన బొమ్మలు గంజితో అతికించి ఉన్నవి. ఎవరెస్టు ఎక్కిన టెన్సింగు, ప్రకాశం పంతులుగారు, ఒక కొత్త రకము నాగలి, ఇట్లు ఒకదానికొకటి పొత్తులేని బొమ్మలు. చివరి పుటలో అయిదుగురు మనుషుల ఛాయాచిత్రము. రెండు నాదస్వరములు, రెండు డోళ్లు, కుడివైపు చివర శ్రుతి పట్టిన ఒక యువకుడు. బొమ్మక్రింద అచ్చులో "చిలకలూరిపేట ఆదం సాహెబు గారి" అని ఉన్నది. ఆపైన కాగితము చినిగిపోయినది. ప్రక్కన అంచున పెన్సిలుతో, మా తాతగారి దస్తూరిలో, ఒకే ఒక మాట: మనవారు.

మేము తెలుగు పాఠము చెప్పి బ్రతుకువారము గనుక ముందుగా వ్యాకరణమే గుర్తుకు వచ్చినది. షష్ఠీవిభక్తి సంబంధము ఉన్నదని చెప్పును గాని ఏ సంబంధమో చెప్పదు. ఆదం సాహెబు గారి కుమారులా? అల్లుళ్లా? శిష్యులా? చినిగిన అంగుళము మేర కాగితములో ఆ సమాధానము పోయినది. "మనవారు" అను మాట కూడ అంతే. రక్తబంధువును మనవాడు అందుము, ఊరివానిని మనవాడు అందుము, ఒకే పని చేయువానిని మనవాడు అందుము. మా తండ్రిగారికి చూపినాము. ఆయన కళ్లజోడు పెట్టుకొనకుండగనే "ఎవరో మేళగాళ్లులే" అని పుస్తకము మూసి ఇచ్చినారు.

ఆదం సాహెబు గారెవరో ఈ తరము విద్యార్థులకు తెలియకపోవచ్చును. షేక్ ఆదం సాహెబు గారు మన చిలకలూరిపేటకు చెందిన నాదస్వర విద్వాంసులు. 1924లో కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా గారు మొదట తండ్రి కాశిం సాహెబు గారివద్ద, పిదప ఆదం సాహెబు గారివద్ద నేర్చుకొన్నారు. ఆ తరువాతనే తమిళదేశమునకు పోయి నాచ్చియార్‌కోవిల్ సోదరులు రాజం పిళ్లై, దురైక్కణ్ణు పిళ్లైల వద్ద తంజావూరు బాణీ పట్టినారు. చినమౌలానా గారు శ్రీరంగములో స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము పొంది, 1999లో కన్నుమూసినారు. మసీదులో నమాజు చేసి, దేవళములో మంగళవాద్యము వాయించు ఈ షేకుల కుటుంబములు గుంటూరు, ప్రకాశం ప్రాంతములలో అనేకము. నాదెండ్ల మండలములోని సాతులూరు, ఇవతల కరవది, అటు ఒకప్పటి కృష్ణాజిల్లాలోని గోసవీడు ఇందుకు పేరుపడినవి. 2020లో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకును, 2022లో మరణానంతరము గోసవీడు షేక్ హసన్ గారికిని పద్మశ్రీ లభించినది.

ఇంతటి పేర్లు వినబడిన తరువాత మా బంధువులు ఊరుకొందురా! నడుమ కూర్చున్న నాదస్వర విద్వాంసుడు చినమౌలానా గారే అని ఒకరు తీర్మానించినారు. మనము వారికి పినతండ్రి వరుస అని ఇంకొకరు. రాబోవు పెండ్లి శుభలేఖలో ఈ సంగతి వేయించిన బాగుండునని మూడవవారు. మేము కూడ ఒకటి రెండు వారములు ఆ మత్తులోనే ఉన్నామని ఒప్పుకొనక తప్పదు. ప్రసిద్ధుడైన వ్యక్తి దగ్గర మొదలుపెట్టి క్రిందికి దిగుచు వచ్చినచో ఏదో ఒక మెట్టుమీద మనలను మనము కూర్చుండబెట్టుకొనుట సులభము. అట్లు గాక మననుండి మొదలుపెట్టి తండ్రి, తాత, ముత్తాత అని ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క ఆధారము చూచుకొనుచు ఎక్కవలెను. ఆధారము లేని మెట్టువద్ద నిలిచిపోవలెను.

మొదట కాగితము సంగతి. అతికించిన ముక్కను ఊడబెరుకరాదు, దానిపై కలముతో వ్రాయరాదు. వ్రాయవలసినది ఉన్న వేరు చీటీ మీద వ్రాసి, తేదీ వేసి, ప్రక్కన ఉంచవలెను. మా అదృష్టమున గంజి ఎండి ముక్క మూడువైపుల తనంత తానే లేచియున్నది. వెనుక భాగమును వెలుతురులో చూచినాము. బొమ్మ ఉన్న వైపు కంటె వెనుకవైపే ఎక్కువ మాట్లాడినది. అక్కడ మూడు విషయములు దొరికినవి. ఒకటి, "రోజులు మారాయి" చిత్రపు ప్రకటనలో పైసగము. రెండు, కోర్టు నోటీసు ఒకటి, అందులో "ఆంధ్ర రాష్ట్రము" అను మాట. మూడు, ఏదో తైలపు సీసా వెల అణాలలో.

రోజులు మారాయి 1955 ఏప్రిల్‌లో విడుదలైనది. కనుక పత్రిక అంతకు ముందుది కాజాలదు. ఐతే పల్లె టాకీసులలో సినిమాలు ఏండ్ల తరబడి ఆడుచుండెను గనుక, సినిమా ప్రకటన క్రింది హద్దును చెప్పునే గాని పై హద్దును చెప్పదు. పై హద్దు కోర్టు నోటీసునుండి వచ్చినది. ఆంధ్ర రాష్ట్రము 1953 అక్టోబరు 1న ఏర్పడి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయినది. అణాల వెల దీనికి అడ్డు రాదు. నయాపైసలు వచ్చినది 1957 ఏప్రిల్ 1న. అనగా మన కాగితము 1955 ఏప్రిల్‌కు, 1956 అక్టోబరుకు నడుమ అచ్చయినది. మూడు చిన్న గుర్తులతో పదునెనిమిది నెలల వ్యవధిలోనికి రాగలిగినాము. అప్పటికి మా తాతగారి వయస్సు ముప్పది లోపు.

పేర్ల చిక్కు దీనికంటె పెద్దది. మనలో తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము గట్టిది. చినమౌలానా గారి తండ్రి కాశిం సాహెబు గారు. నేడు వారి బాణీని వాయించుచున్న మనుమలలో ఒకరు కాశిం గారు. ఒకే ఇంటిలో నూరేండ్లలో ఒకే పేరు రెండుమార్లు, మూడుమార్లు తిరిగి వచ్చును. దర్గాలనుబట్టి పెట్టుకొను నాగూరు, మస్తాను వంటి పేర్లు ప్రతి ఊరిలో పదిమందికి ఉండును. "షేక్" అనునది ఇంటిపేరు పనిచేయదు. అందుచేత పేరు ఒక్కటి కలిసినంత మాత్రమున మనిషి కలిసినట్లు కాదు. పేరు, తండ్రిపేరు, ఊరు, వృత్తి అను నాలుగింటిలో కనీసము మూడు కలిసినప్పుడే మేము ఒక మనిషిని లెక్కలోనికి తీసుకొన్నాము.

ఊరు కూడ కదలుచుండును. చిలకలూరిపేట 2022 ఏప్రిల్ 4నుండి పల్నాడు జిల్లాలో ఉన్నది. అంతకుముందు గుంటూరు జిల్లా. 1859నుండి 1904వరకు గల కాగితములకు గుంటూరు జిల్లా పేరున వెదకిన ప్రయోజనము లేదు, అప్పుడు ఈ ప్రాంతము కృష్ణాజిల్లాలో ఉండెను. కరవది 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు గుంటూరు జిల్లాలోనిదే. గ్రామాధికారులు వ్రాసిన జనన మరణముల రిజిస్టర్లు 1984లో కరణాల వ్యవస్థ రద్దయినపుడు చేతులు మారి కొన్ని కార్యాలయములకు చేరినవి, కొన్ని చెదలకు చేరినవి. జనాభా లెక్కలలోని వ్యక్తుల వివరములు 1948 చట్టముప్రకారము ఎవరికిని చూపరు. 1858లో మొదలైన ఇనాం కమీషను రిజిస్టర్లలో దేవళపు సన్నాయి మాన్యములు అనుభవించువారి పేర్లుండును. మా ముత్తాతగారి తాత కాదగిన ఒక పేరు అందులో కనబడినది. పేరు, వృత్తి కలిసినవి, తండ్రిపేరు, ఊరు కలియలేదు. మా నియమముప్రకారము ఆయనను వదలుకొన్నాము. కష్టమైనది.

బడి రిజిస్టరు వద్ద మాత్రము మేము నిలిచిపోయినాము. మా తండ్రిగారు చదివిన ప్రాథమిక పాఠశాలలో ప్రవేశపు రిజిస్టరు భద్రముగా ఉన్నది. ప్రధానోపాధ్యాయుల అనుమతితో 1958వ సంవత్సరపు పుట తెరచినాము. మా తండ్రిగారి పేరు, వారి తండ్రి పేరు, పుట్టినతేదీ. ప్రక్కన "తండ్రి వృత్తి" అను గడిలో నల్లసిరాతో "మేళము" అని ఉన్నది. ఉన్నత పాఠశాలలో 1963లో చేర్చినపుడు అదే గడిలో "గుమాస్తా". రెండు మాటల నడుమ అయిదేండ్లు. ఆ అయిదేండ్లలో ఎప్పుడో మా తాతగారు మేళము విడిచి కొట్టులో కూర్చున్నారు.

మా ఇంటిలో మేళమను మాట మేము ఎన్నడును వినలేదు. మా తండ్రిగారు ప్రభుత్వోద్యోగము చేసి విరమించినవారు. తన తండ్రిని గురించి అడిగిన ప్రతివారికి "గుమాస్తా" అని మాత్రమే చెప్పుచు వచ్చినారు. అది అబద్ధము కాదు. ఐదేండ్ల తేడాతో నిజము. ఎందువలన అట్లు చెప్పినారో మా వంటి కుటుంబములలో పుట్టినవారికి వివరించనక్కరలేదు, మిగిలినవారికి కొంచెము చెప్పవలెను. మేము దూదేకులవారము. పింజారి అనియు, నూర్‌బాషా అనియు కూడ పిలుతురు. పత్తి ఏకుట కులవృత్తి, కొన్ని ఇండ్లలో సన్నాయి. ఇంటిభాష తెలుగు. ఉర్దూ రాని ముస్లిములని ఒకవైపువారు, మంగళవాద్యమువారని ఇంకొకవైపువారు తేలికగా చూచిన రోజులు ఉన్నవి. పూర్తిగా పోయినవని అనజాలము. ఉర్దూ, తెలుగు రెండును నేర్పు మన కళాశాల ఆవరణలోనే, ఇంటిలో తెలుగు మాటలాడు ముస్లిము విద్యార్థిని తోటివారు ఎగతాళి చేయగా మేము స్వయముగా వినియున్నాము. "పింజారి" అను మాట తెలుగులో తిట్టుగా మారినది. పొన్నెకల్లులో 1920లో పుట్టిన బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ గారు ఆ మాటనే తన ఆత్మకథకు పేరుగా పెట్టుకొన్నారు. అందరికి ఆ ధైర్యము ఉండదు. ఒక గుమాస్తా కుమారునికి, అందులోను పరీక్షలు వ్రాసి ఉద్యోగమునకు పోవలసినవానికి, మౌనమే సులువైన దారి.

రిజిస్టరు నకలు చూచిన సాయంత్రము మేము ఇంటికి పోయి మా తండ్రిగారిని ఏమియు అడుగలేదు. పరిశోధకుని పద్ధతిగా చూచిన అది లోపమే. కుమారుని పద్ధతిగా అంతకంటె చేయలేకపోయినాము.

ఇక మా తప్పు. సాతులూరు సమీపమున ఒక పల్లెలో ఎనుబదియైదేండ్లు దాటిన డోలు విద్వాంసుడు ఉన్నారని విని పోయినాము. బొమ్మ ఆయనకు ఇచ్చి, నడుమనున్న నాదస్వర విద్వాంసునిపై వ్రేలుంచి, "తాతా, ఈయన మా తాతగారే కదా?" అని అడిగినాము. ఆయన ఒక నిమిషము చూచి, "అవునయ్యా, మీ తాతే. పోలిక తెలవట్లా?" అన్నారు. ఆనందముతో తిరిగి వచ్చి రెండు పుటలు వ్రాసినాము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంత దూరమునుండి వచ్చిన అయ్యవారు ఆశగా అడుగుచుండగా, పెద్దమనిషి కాదని ఎట్లు చెప్పును? సమాధానము మేమే ఆయన నోట పెట్టి, మరల మేమే తీసుకొన్నాము. రెండు పుటలు కొట్టివేసినాము. సాక్షిని అడుగునపుడు పేరు చెప్పరాదు, వ్రేలు పెట్టరాదు. "వీరెవరు?" అని మాత్రము అడిగి, చేతులు కట్టుకొని కూర్చుండవలెను.

వేటపాలెములో 1918లో స్థాపించిన సారస్వత నికేతనము మన ప్రాంతమునకు గొప్ప వరము. పాత పత్రికల సంపుటములకు అది ప్రసిద్ధము. మేము నాలుగు ఆదివారములు అక్కడ పుటలు తిప్పినాము. ప్రెస్ అకాడమీవారు కంప్యూటరులో ఉంచిన పాత పత్రికలను కూడ చూచినాము. బొమ్మ దొరకలేదు. కాని ఆనాటి పత్రికలలో వివాహములకు, ఉత్సవములకు మేళము చెప్పుకొనుటలో ఎంత పట్టింపు ఉండెడిదో అర్థమైనది. ఒక సాయంకాలము పని మరచి కోటప్పకొండ తిరునాళ్ల వార్తలే చదువుకొన్నాము.

బొమ్మ దొరికినది పుస్తకాలయములో కాదు. మా విద్యార్థి ఒకడు, అదే ప్రాంతపువాడు, మేము తరగతిలో ఈ సంగతి చెప్పగా విని, "సార్, అట్లాంటి ఫోటో మా వీధిలో ఒక జేజమ్మ ఇంట్లో ఉంది" అన్నాడు. ఆ వారమే పోయినాము. చిన్న పెంకుటిల్లు. వసారాలో, గడప దాటగానే కనబడునట్లు, అద్దపు చట్రములో అదే పత్రికా ఖండము. చినుగు లేదు. బొమ్మక్రింద పూర్తి వాక్యము ఉన్నది: "చిలకలూరిపేట ఆదం సాహెబు గారి శిష్యబృందము".

మేము వ్రేలు పెట్టలేదు. "వీరెవరమ్మా?" అని మాత్రము అడిగినాము. ఎనుబది దాటిన ఆ తల్లి మంచముమీదినుండి లేవకుండగనే చెప్పినారు. "నడుమ నాదస్వరం మా నాయన. పక్కన మా చిన్నాయన. డోళ్లు అన్నదమ్ములు, వాళ్లది అవతలూరు. ఆ చివరి పిల్లోడు సుతి పట్టేవాడు. పేటలో పత్తి కొట్టుకి పోయి మేళం మానేశాడు. మా ఇంట్లో చాన్నాళ్లు అన్నం తిన్నాడు." పేరు కూడ చెప్పినారు. అది మా తాతగారి పేరు. పేరు, ఊరు, వృత్తి మూడును కలిసినవి. తండ్రిపేరు అడిగినాము. అదియు కలిసినది.

"మీకు ఆయన ఏమవుతారమ్మా?" అని అడిగినాము. "ఏమవుతాడు నాయనా, మనోడు" అన్నారు. చుట్టరికమా అని మరల అడిగినాము. ఆమె నవ్వినారు. "ఒక గురువు కింద వాయించినోళ్లు ఒకళ్లనొకళ్లు మనోళ్లు అనే అనుకునేవాళ్లు. పిల్లనిచ్చిపుచ్చుకోవటం అందరికీ కుదురుద్దా?"

కనుక మా బంధువులు కోరిన చుట్టరికము దొరకలేదు. ఆదం సాహెబు గారితో గాని, చినమౌలానా గారితో గాని మాకు రక్తసంబంధము ఉన్నదనుటకు మావద్ద ఏ ఆధారమును లేదు. శుభలేఖలో ఆ మాట వేయలేదు. మా తాతగారు నాదస్వరము వాయించినవారు కూడ కారు. శ్రుతి పట్టినవారు. మేళములో అందరికంటె తక్కువ పేరు వచ్చు పని అది. కచేరి సాంతము ఒకే స్వరమును నిలుపవలెను. ఆ స్వరము జారిన మిగిలినవారందరు జారుదురు.

చట్రములోని బొమ్మను ఫోనులో తీసుకొని వచ్చి మా తండ్రిగారికి చూపినాము. ఈమారు కళ్లజోడు పెట్టుకొన్నారు. చాలసేపు చూచి ఒకటే అడిగినారు. "దీన్ని వాళ్లింట్లో ఎక్కడ పెట్టారు?"

"వసారాలో నాన్నా. లోపలికి వచ్చేవాళ్లందరికీ కనబడేటట్లు."

ఆయన మరేమియు అనలేదు. రెండు దినముల తరువాత మా బల్లమీద చిట్టాపుస్తకము కనబడినది. చివరి పుటలో, గంజి ఎండిన ఆ ముక్క ప్రక్కన, మడత పెట్టిన ఒక చీటీ ఉన్నది. మా తండ్రిగారి గుండ్రటి దస్తూరి. "కుడివైపు చివర కూర్చున్నది మా నాయన. మేళములో శ్రుతి పట్టేవారు." క్రింద సంతకము, తేదీ.